ఉప్పక్క మాట తప్పిన వైనం

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కూర ఉప్పు కషాయమైన రోజున మొదట ఎవరూ నోరు మెదపలేదు. వండింది ఉప్పక్క. ఆమె వంటకు వంక పెట్టే ముందు ఎవరైనా తమ నాలుకనే అనుమానిస్తారు. వెల్డింగ్ షెడ్డు వాళ్ళు గటగటా మంచినీళ్ళు తాగి, పళ్ళేలు కడిగి పెట్టి, తలవంచుకుని వెళ్ళిపోయారు. మర్నాడు కూర చప్పగా ఉంది. ఆ మర్నాడు మళ్ళీ కషాయం. ఇక ఉండబట్టలేక ఫోర్‌మన్ వంటగది కిటికీ దగ్గరికొచ్చి, "ఏంటక్కా, మా మీదేమైనా కోపమా?" అని అడిగాడు.

"వయసు మీద పడుతోంది తమ్ముడూ, చెయ్యి జారుతోంది," అని నవ్వేసింది ఉప్పక్క.

పచ్చి అబద్ధం. ఆవిడ చేతికి ఏ రోగమూ లేదు. రుచి చూడటం మానేసింది, అంతే.

ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. మనిషి దిగి కూర్చోగలిగేంత గిన్నెలో కూర ఉడుకుతుంటే, గరిటె అంచున ఒక్క చుక్క తీసి ఎడమ అరచేతిలో వేసుకుని, నాలుకకు తగిలించి, కళ్ళు మూసుకుని కాసేపు ఆగేది. కళ్ళు తెరిచాక గుప్పెటతో ఎంత ఉప్పు తీస్తే అంతే సరిపోయేది. కొలత గిన్నెలంటే ఆవిడకు గిట్టదు. "కూరగాయలు రోజుకో తీరుగా ఉంటాయి. కొలత మాత్రం రోజూ ఒకటే అంటే ఎలా?" అని దబాయించేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, నా వంట బాగోలేదని మొగుడంటే వాణ్ణి ఏం చేస్తానో నాకే తెలియదు, ఎందుకొచ్చిన గొడవ అనేది. అసలు సంగతి వేరు. అమ్మానాన్నలు పోయినప్పుడు తమ్ముడింకా చిన్నవాడు. వాణ్ణి పెంచి, చదివించి, బస్సు డిపోలో మెకానిక్ పనిలో పెట్టి, పెళ్ళి చేసేసరికి తన పెళ్ళి మాట అందరూ మర్చిపోయారు. ఆవిడ కూడా మర్చిపోయింది. ఇప్పుడు తమ్ముడూ మరదలూ వాళ్ళ కూతురూనే ఆమె సంసారం.

ఆ కూతురికి ఇంట్లో పిలుపు పిడుగు. పుట్టిన కొన్నాళ్ళకే పిల్ల కళ్ళు పచ్చబడ్డాయి. పైత్యం పారే దారి మూసుకుపోయిందని పసిగుడ్డుగా ఉండగానే కడుపు కోసి వేరే దారి వేశారు. ఆ దారి కొన్నేళ్ళు పనిచేసింది. పిల్ల నడిచింది, పరుగెత్తింది, ఇంట్లో ఏ వస్తువునూ ఉన్నచోట ఉండనివ్వక ఆ పేరు సంపాదించుకుంది. బడిలో చేరిన ఏడాదిలోనే మళ్ళీ పసుపు తిరగబెట్టింది. పొట్ట ఉబ్బింది, కాళ్ళూ చేతులూ పుల్లలయ్యాయి. ఒళ్ళంతా దురద. చర్మం లేచిపోయేలా గోక్కునేది. "అత్తా, వీపు," అని వెనక్కి తిరిగి నిలబడితే ఉప్పక్క తన మొరటు అరచేత్తో రుద్దేది. గోళ్ళు తగలకుండా దురద తీర్చగల చెయ్యి ఇంట్లో అదొక్కటే.

చివరికి ఆసుపత్రిలో డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. పిల్ల కాలేయం ఇక పనికిరాదు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా తమ కాలేయంలో ఒక ముక్క ఇస్తే బతుకుతుంది. ఇచ్చినవాళ్ళకు అది మళ్ళీ పెరుగుతుంది. చనిపోయినవాళ్ళ నుంచి దొరుకుతుందని ఎదురుచూసేంత వ్యవధి పిల్లకు లేదు.

బయటికొచ్చిన ఉప్పక్క ఆ నడవలోనే, గోడకు తగిలించిన మంటలార్పే ఎర్ర సిలిండర్ పక్కన నిలబడి మొక్కుకుంది. పిల్ల లేచి తిరిగేదాకా పొయ్యి మీద ఉడికింది ఏదీ నా నాలుక మీద పెట్టను, పండూ నీళ్ళూ తప్ప ముట్టను, దాన్ని మాత్రం నాకిచ్చెయ్ అంది. దేవుడితో ఆవిడ మాట్లాడే తీరే అంత. బతిమాలడం చేతకాదు. కూరగాయల మార్కెట్‌లో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఇదిగో నేనిచ్చేది, అదిగో నాకు కావాల్సింది. చిన్నప్పుడు తమ్ముడికి జ్వరం ముదిరి మాట పడిపోతే అప్పుడూ ఇలాగే అన్నం మానేసింది. వాడు లేచి కూర్చుని, "అక్కా, ఆకలి," అన్నాడు. కళ్ళారా చూసిన సంగతి అది. ఇక ఎవరు కాదన్నా ఆవిడ చెవికెక్కేదేముంది?

మరదలి దారి వేరు. ఆమె బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తుంది. కొలిచి, గీత గీసి, మళ్ళీ కొలిచిగానీ కత్తెర పెట్టదు. పిల్లకు మొదటి ఆపరేషన్ జరిగినప్పుడు ఆమె చేయని ప్రార్థన లేదు, మొక్కని మొక్కు లేదు. ఇప్పుడెవరైనా ఆ మాటెత్తితే, "అడగాల్సిందంతా అప్పుడే అడిగేశాను. వినబడి ఉంటే ఈపాటికి పలికేవాడు," అని అక్కణ్ణించి లేచిపోతుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఉప్పక్క గుండెలో రాయి పడేది. అందుకే మొక్కు సంగతి మరదలికి చెప్పలేదు. తమ్ముడికి చెబుదామా అంటే వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఇక ఎవరికీ చెప్పలేదు.

తరవాత పరీక్షలు మొదలయ్యాయి. తల్లి రక్తం కుదరలేదు. తండ్రి కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. "అంతా నీ వంట చలవే అక్కా," అని వాడు నవ్వబోయి, నవ్వలేక, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఉప్పక్కకు చూస్తే అన్నీ కుదిరాయి. డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది. ఉప్పక్క మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. నేను మాటిచ్చాను, ఆయన పలికాడు అనుకుంది. ఆ క్షణం నుంచి ఆ ఉపవాసం ఆమెకు బావిలోకి వేలాడుతున్న తాడులా అనిపించింది. రెండో కొసన పిల్ల ఉంది. చెయ్యి వదిలితే ఇంకేమైనా ఉందా?

ఇంత గుట్టు ఎలా దాగిందంటారా? వంటమనిషి తిన్నదా లేదా అని ఈ లోకంలో ఎవరూ అడగరు. ఇంట్లో అడిగితే క్యాంటీన్‌లో తిన్నాననేది. క్యాంటీన్‌లో కూరగాయలు తరిగే పిన్ని అడిగితే ఇంట్లో తింటాననేది. మనిషి సగమవుతుంటే, పిల్ల మీద బెంగ అనుకున్నారందరూ. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. ఒకసారి మరుగుతున్న గిన్నె మీదికి తూలి, అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. చెయ్యి కాలి బొబ్బలెక్కింది. అదీ మొక్కులో భాగమే అనుకుని సంతోషించింది కూడా. ఈ కథ చెబుతున్న నాకు ఆవిడంటే ఎంత ప్రేమైనా, ఇక్కడ మాత్రం ఒళ్ళు మండుతుంది.

ఆపరేషన్ దగ్గరపడింది. ముందు మరోసారి రక్తం తీశారు. ఆ సాయంత్రం డాక్టరమ్మ పిలిచి, మొహం చిట్లించి కాగితాలు అటూ ఇటూ తిప్పింది.

"ఏమైందమ్మా మీకు? మొదటిసారి చూసినప్పుడు రాయిలా ఉన్నారు. ఇప్పుడు మీ ఒంట్లో రక్తమే లేదు. సరిగ్గా తింటున్నారా?"

"వంటమనిషినండీ. తిండికేం లోటు?" అంది ఉప్పక్క.

"మరి లోపల ఏదో జబ్బు ఉండుండాలి. అదేంటో తేలేదాకా మిమ్మల్ని బల్ల ఎక్కించను. ఇలాంటి ఒంటి మీద కత్తి పెడితే మీరూ దక్కరు, పిల్లా దక్కదు."

ఆపరేషన్ వాయిదా పడింది. తమ్ముడు అక్క చేతులు పట్టుకుని, "నీకేమైనా అయితే నేనేమైపోవాలి అక్కా?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మరదలు మాత్రం వదిననే కన్నార్పకుండా చూస్తూ నిలబడింది. ఉప్పక్క తల తిప్పుకుంది. ఇదొక పరీక్ష, గట్టిగా నిలబడితే గట్టెక్కుతాం అని తనకు తాను చెప్పుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మరదలు ఆసుపత్రి నుంచి నేరుగా క్యాంటీన్‌కు వచ్చింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని మొహమే చెబుతోంది. పిన్ని ఆమెను కూర్చోబెట్టి అన్నమూ కూరా వడ్డించింది. మరదలు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. మెల్లగా మింగి, నీళ్ళు తాగి, పళ్ళెం పట్టుకుని పొయ్యి దగ్గరికొచ్చింది.

"ఇది నువ్వు వండిందేనా వదినా?"

"ఆ."

"రుచి చూశావా?"

"చూశాను."

మరదలు పళ్ళెంలోంచి చెంచాతో కూర తీసి వదిన మొహం ముందు పెట్టింది. "మళ్ళీ చూడు."

గిన్నెలు తోమేవాళ్ళు చేతులాపి చూస్తున్నారు. చెంచా పెదాల దాకా వచ్చింది. ఉప్పక్క తనకు తెలియకుండానే వెనక్కి అడుగు వేసింది. మరదలికి ఆ ఒక్క అడుగు చాలు. వదిన చెయ్యి పట్టుకుని ఉల్లిపాయల బస్తాలున్న గదిలోకి లాక్కెళ్ళి తలుపు మూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

ఉప్పక్క అంతా చెప్పేసింది. చెబుతుంటే తేలిగ్గా కూడా అనిపించింది. తనకు కుదరడం ఆ మొక్కు వల్లేనని, ఇప్పుడు తప్పితే ఆయన ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడని చెప్పింది. మరదలు అరుస్తుందనుకుంది. మరదలు అరవలేదు. అరిచినా బాగుండేది.

"నా పిల్ల ప్రాణం నీ కడుపులో ఉంది వదినా. నువ్వు దాన్ని ఎండబెడుతున్నావు."

"అలా అనకు అమ్మాయ్. దాని కోసమే కదా."

"దాని కోసమైతే తిను."

"నీకు నమ్మకం లేదు కాబట్టి నీకది తేలిక. తింటే దాన్ని నా చేతులతో నేనే చంపినట్టు నాకు."

మరదలు ఒక బస్తా మీద కూలబడింది. తరవాత, "సరే, నీ మొక్కు నాకిచ్చెయ్. నీ బదులు నేను మానేస్తాను. పండూ నీళ్ళతోనే ఉంటాను. నువ్వు తిను," అంది.

"నువ్వు నమ్మవుగా?"

"నమ్మను. అయినా చేస్తాను. నీకు కావాల్సింది నా నమ్మకమా, పిల్లా?"

ఆయుష్షంతా మాటకు మాట అప్పజెప్పిన మనిషి ఉల్లిపాయల మధ్య నిలబడి ఒక బస్తా మూతి తాడు విప్పి మళ్ళీ బిగించింది. చివరికి, "నువ్వు పిల్ల దగ్గర ఉండాల్సినదానివి. నువ్వు మానకూడదు," అని మాత్రం అనగలిగింది. తింటాననీ అనలేదు, తినననీ అనలేదు.

ఇద్దరూ కలిసే ఆసుపత్రికి వెళ్ళారు. మరదలు తమ్ముడికి సంగతి చెప్పింది. వాడు ముందు అక్క మీద విరుచుకుపడ్డాడు. ఆ తరవాత గొంతు తగ్గించి, భార్యకు వినబడకూడదన్నట్టు, "అక్కా, ఒకవేళ మొక్కు తప్పితే నిజంగానే ఏమైనా అవుతుందంటావా?" అని అడిగాడు. వాడి కళ్ళలోనూ అదే భయం చూసింది ఉప్పక్క. తన భయం తనకొక్కదానికే అనుకుంది ఇన్నాళ్ళూ.

లోపలికి వెళ్ళింది. పిడుగు పక్కకు తిరిగి పడుకుని ఉంది. చేతి మీద పాత గాయాలు ఎర్రగా ఉన్నాయి, కొత్తవి లేవు. "దురద తగ్గిందా తల్లీ?" అంది ఉప్పక్క ఆశగా. పిల్ల తల అడ్డంగా ఊపింది. తగ్గలేదు. గోక్కోవడానికి ఓపిక లేదు.

ఉప్పక్క మంచం పక్కన కూర్చుని పిల్ల వీపు రుద్దింది. రుద్దుతూ రుద్దుతూ, పైకి చూడకుండానే, ఇదిగో నేను మాట తప్పుతున్నాను అని ఆయనకు చెప్పింది. తెలిసే తప్పుతున్నాను, ఎవరో బలవంతపెట్టారని చెప్పను, కొడితే నన్ను కొట్టు, దీని జోలికి మాత్రం రాకు అంది. ఇవ్వడానికి ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు. మొదటిసారి చేతిలో ఏమీ లేకుండా బేరానికి నిలబడింది.

కిందికెళ్ళి ఆసుపత్రి భోజనాల గదిలో పళ్ళెం నిండా వడ్డించుకుంది. ఎవరి వంటో, చప్పటి వంట. మామూలుగా అయితే ఆ వంటవాణ్ణి పిలిచి చీవాట్లు పెట్టేది. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. నీళ్ళు తాగి దింపింది. దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూస్తూ పళ్ళెం ఖాళీ చేసింది. అన్నం మానేసినన్నాళ్ళూ ఆవిడకు ఒక్కనాడూ ఇంత కష్టం అనిపించలేదు.

డాక్టరమ్మకు నిజం చెప్పి తిట్లు తిన్నారు. జబ్బేమీ లేదని తెలిసి ఆమె కాస్త ఊపిరి పీల్చుకుంది. మందులు రాసిచ్చి, పూటపూటకూ ఏం తినాలో చెప్పి, రక్తం పుంజుకున్న వెంటనే ఆపరేషన్ అంది. ఆ వెంటనే అంటే ఎప్పుడో, అప్పటిదాకా పిల్ల ఆగుతుందో లేదో ఆమె చెప్పలేదు, వీళ్ళు అడగలేదు.

ఉప్పక్క తినసాగింది. గుడ్లు, పాలు, అన్నం, కూర. తిన్న ప్రతిసారీ పరుగున వెళ్ళి పిల్ల మొహం చూసొచ్చేది. ఏమీ కాలేదనుకుని మళ్ళీ తినేది. అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒంట్లోకి కాస్త బలం వస్తోంది. మెట్లెక్కితే ఆయాసం లేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ భోజనాల గదిలో భోజనం సగంలో ఉండగా, తమ్ముడు మెట్ల మీద నుంచి పిలిచాడు. పిల్ల నెత్తురు కక్కింది. పైకి వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది, దుప్పటి మీద మరకలున్నాయి. పిల్లను లోపలికి తీసుకెళ్ళి తలుపులు మూశారు. ఉప్పక్క గోడకు చేరబడింది. చేతికి ఇంకా అన్నం మెతుకులు అంటుకునే ఉన్నాయి. ఆ చేతిని చీరకు తుడిచింది, మళ్ళీ తుడిచింది, చర్మం ఎర్రబడేదాకా తుడుస్తూనే ఉంది.

"నేనే. నేను తింటుంటేనే," అని గొణిగింది. తమ్ముడు విన్నాడు. కాదనలేదు.

లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చి, రక్తం ఆపగలిగామని, ఇక ఎక్కువ రోజులు ఆగలేమని, ఇచ్చే మనిషి మాత్రం తిండి ఆపకూడదని చెప్పి వెళ్ళింది. మరదలు కిందికెళ్ళింది. డబ్బాలో అన్నం పెట్టించుకుని తిరిగొచ్చింది. నడవలోని బెంచీ మీద వదినను కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూర్చుని ముద్ద కలిపింది.

"నావల్ల కాదు అమ్మాయ్."

"తిను."

"మళ్ళీ ఏమైనా అయితే?"

ముద్ద పట్టుకున్న మరదలి చెయ్యి వణుకుతోంది. ఉప్పక్క తలెత్తి ఆమె కళ్ళలోకి చూసి ఉలిక్కిపడింది. అక్కడున్నది కోపం కాదు. తనలో ఉన్న భయమే. అడగాల్సిందంతా అడిగేశానని తెగతెంపులు చేసుకున్న ఆ మనిషి, మూసిన ఆ తలుపుల ముందు, వదిన తినడం వల్లే ఇది జరిగిందేమోనని నమ్మేసింది. నమ్మి కూడా ముద్ద వెనక్కి తీసుకోలేదు. నోటి దాకా తెచ్చి ఆపి, "నేనే పెడుతున్నాను కదా. పాపమైతే సగం నాది. నోరు తెరువు," అంది.

ఉప్పక్క నోరు తెరిచింది. ఒకరు పెడుతుంటే ఒకరు తింటూ, ఇద్దరూ ఆ తలుపు వైపే చూస్తూ, డబ్బా అడుగంటేదాకా ఆ భోజనం సాగింది. అంత భయంకరమైన భోజనం ఏ శత్రువుకూ వద్దు.

ఆ వారంలోనే రక్తం సరిపోతుందన్నారు. ఒక ఉదయం అత్తనూ మేనకోడలినీ పక్కపక్క గదుల్లోకి తీసుకెళ్ళారు. పొద్దువాలేదాకా తమ్ముడు నడవంతా కొలుస్తూ తిరిగాడు. మరదలు బెంచీ మీద నుంచి కదల్లేదు.

ఉప్పక్క కళ్ళు తెరిచినప్పుడు పొట్ట మీద ఇటుకల బండి దిగినట్టుంది. మొదట కనిపించింది మరదలి మొహం. అడగడానికి నోరు తడారిపోయింది. అడిగే ధైర్యమూ లేదు.

"బాగుంది వదినా. నీ ముక్క దాని ఒంట్లో పని మొదలుపెట్టిందట. అప్పుడే వీపు రుద్దమని నర్సు మీద చిరాకుపడుతోంది."

ఉప్పక్క కళ్ళ పక్కల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. మరదలు సంతోషమే అనుకుని తుడవబోయింది. కాదని కాసేపటికి అర్థమైంది. ఆవిడ మొహం పక్కకు తిప్పుకుని, తప్పుచేసి దొరికిపోయిన పిల్లలా వెక్కుతోంది. కుట్లు లాగుతున్నా ఆగడంలేదు.

"ఏంటి వదినా? బాగుందంటే ఏడుస్తావేం?"

"మాటిచ్చి తప్పింది నేను. ఆయన నాకు ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వకుండానే నిలబెట్టుకున్నాడు," అంది ఉప్పక్క. "ఇన్నేళ్ళూ ఆయన్ని కూరగాయల కొట్టువాడిలా చూశాను అమ్మాయ్. ఇక ఏ మొహం పెట్టుకుని అడగను?"

చేసింది డాక్టరమ్మ అని మరదలి నాలుక చివరిదాకా వచ్చింది. తిండి తిన్నావు, రక్తం పట్టింది, కోశారు, కుట్టారు, అంతే అని చెప్పొచ్చు. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ బెంచీ మీద ముద్ద పట్టుకున్నప్పుడు తన చెయ్యి ఎందుకు వణికిందో ఆమెకు తెలుసు.

"అడగకు. ఊరికే పడుకో," అని వదిన చెవుల పక్క తడి తుడిచింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, పిల్ల గది నుంచి పిలుపొచ్చేదాకా అక్కడే కూర్చుంది.